నెలలు నిండని బిడ్డ కళ్ళకు ముప్పై రోజుల గడువు

(సంఘ సభ్యుల సమావేశంలో మా విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో పసిపిల్లల కళ్ళ సంగతి ఏమిటని మీరు అనుకోవచ్చు. మేము ఊళ్ళకు వచ్చినప్పుడు దాణా, పచ్చిమేత, వెన్న శాతం గురించే మాట్లాడుతాము. కాని ఒక సభ్యురాలి ఇంట జరిగినది చూశాక ఊరుకోలేకపోయాము. ఆమె కూతురు ఏడో నెలలోనే ప్రసవించింది. బిడ్డ బరువు కిలో మూడు వందల గ్రాములు. పట్నం ఆసుపత్రిలో నాలుగు వారాలు పెట్టెలో ఉంచి, ఆక్సిజన్ ఇచ్చి బ్రతికించారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో కళ్ళు చూపించమని ఇంగ్లీషులో ఒక ముక్క ఉన్నది. దానిని ఎవరూ చదివి చెప్పలేదు. ఆరో నెల వచ్చినా బిడ్డ దీపం వంక చూడలేదు. అప్పటికి డాక్టర్లు చేయగలిగినది ఏమీ మిగలలేదు.

ఈ జబ్బును డాక్టర్లు ఆర్.ఓ.పి. అంటారు. కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. దాని రక్తనాళాలు అంచుదాకా పెరగడం నెలలు నిండే వేళకు గాని పూర్తికాదు. ముందే పుట్టిన బిడ్డకు ఆ పని సగంలో ఆగుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే నాళాల పెరుగుదల నిలిచి, తరువాత అడ్డదిడ్డంగా కొత్త నాళాలు పుడతాయి. అవి మచ్చకట్టి రెటీనాను ఊడలాగుతాయి. అలాగని ఆక్సిజన్‌ను తిట్టకండి. అది లేకపోతే బిడ్డే దక్కదు. దానిని కొలిచి ఇవ్వాలి, అంతే.

1942లో బోస్టన్ నగరంలో టెర్రీ అనే కంటి డాక్టరు ఈ జబ్బును మొదట వర్ణించాడు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ ఆక్సిజన్‌ను అనుమానించింది. ఆ తరువాత అక్కడ జాగ్రత్త పడ్డారు. ఇప్పుడు ఆ కష్టం మన వంటి దేశాలకు వచ్చింది. పెట్టెలు జిల్లా పట్నాలదాకా వచ్చాయి, బిడ్డలు బ్రతుకుతున్నారు. ఆక్సిజన్ కొలిచే సాధనాలు, రెటీనా చూసే డాక్టర్లు మాత్రం అన్నిచోట్లా లేరు. ధనిక దేశాలలో ఎక్కువగా మరీ చిన్న బిడ్డలకే ఇది ముదురుతుంది. మన దగ్గర కిలోన్నర పైబడిన బిడ్డలకు కూడా ముదురుతున్నది.

అందుకే మన దేశంలో 2 కిలోలకు తక్కువ బరువుతో గాని, 34 వారాలు నిండకుండా గాని పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజుల లోపల రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల ముందే పుట్టినా, 1200 గ్రాములకు తక్కువైనా రెండు మూడు వారాలకే చూపించాలి. గేదెకు కృత్రిమ గర్భోత్పత్తి చేయించిన తేదీ గోడమీద రాసుకుని ఈనే రోజు లెక్కపెట్టే మనకు, ఈ లెక్క కష్టం కాదు.

పైకి కన్ను చక్కగానే ఉంటుంది, మోసం అక్కడే. పాపలో తెలుపు కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్లే. ఒకసారి చూపించి ఊరుకోరాదు, డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్ళాలి. చాలామందికి జబ్బు దానంతట అదే తగ్గుతుంది. ముదిరితే రెండు మూడు రోజులలోనే లేజర్ చేయించాలి. కొందరికి కంటిలోకి ఇంజెక్షన్ ఇస్తారు.

మొన్న ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మ అడిగింది: "పురుటి బిడ్డను నెల తిరక్కుండా గడప దాటిస్తామా నాయనా?" దాటించండమ్మా. వెచ్చగా చుట్టి, తల్లిని వెంటబెట్టుకుని, ఆసుపత్రి చీటీతో వెళ్ళండి. పరీక్షకు గంట ముందే పాలు పట్టడం ముగించండి. చుక్కలు వేసి చూసేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది, భయపడవద్దు.