జ్వాలాపురం బూడిద



ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు నల్లబల్ల మీద అగ్నిపర్వతం బొమ్మ వేసి, "అండమాన్లో ఒకటుంది గానీ, మనకా భయం లేదురా" అన్నారు. నిజమే. కానీ ఎక్కడిదో ఒక కొండ కక్కిన బూడిద మన బనగానపల్లె దగ్గర మేట వేసి ఉందని ఆయనా ఎరగరు, మేమూ ఎరగం.

గ్రీసులోని శాంటొరిని దీవిలో అక్రోతిరి అనే పట్నం సుమారు 3,600 ఏళ్ళ కిందట బూడిదలో కూరుకుపోయింది. తవ్విచూస్తే ఇళ్ళు, జాడీలు, గోడల మీద చక్కటి బొమ్మలు బయటపడ్డాయి. మనుషుల శవాలు మాత్రం దొరకలేదు. ముందుగా భూమి కంపించింది, వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు.

మనవాళ్ళకు ఆ హెచ్చరిక కూడా లేదు. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా పేలింది. అది ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. జుర్రేరు లోయలో రాతి పనిముట్లు చెక్కుకుంటున్నవాళ్ళకు ఆ కొండ ఉందనే తెలియదు. ఉన్నట్టుండి ఆకాశం నుంచి బూడిద రాలింది. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. తర్వాత వాననీళ్ళు చుట్టుపక్కల బూడిదనంతా లోయలోకి ఈడ్చుకొచ్చి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి పేర్చాయి. తాగే నీళ్ళలో, మేసే గడ్డి మీద, అంతటా అదే. (ఊరి పేరులో జ్వాల ఉంది కదా అని ముడిపెట్టకండి. అన్ని వేల ఏళ్ళ సంగతిని ఏ ఊరి పేరూ మోయలేదు.)

మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం అక్కడ తవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. రెండూ చాలావరకు ఒకే పోలికవి. అంటే అక్కడి మనుషులు తుడిచిపెట్టుకుపోలేదని వాళ్ళ వాదన. పండితులందరూ ఒప్పుకోలేదు. నేను మాత్రం ఆ పనిముట్ల పక్షమే.

నన్ను బాధపెట్టేది వేరే. ఆ బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు. తవ్వినవాళ్ళను ఏమనగలం? అదేమిటో వాళ్ళకు చెప్పినవాళ్ళెవరు? పొర పోతే, కిందివేవో పైవేవో చెప్పడానికి ఆధారమే ఉండదు.

సోషల్ టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పిల్లల్ని యాగంటి తీసుకెళ్ళేటప్పుడు బస్సు ఒక గంట జ్వాలాపురంలో ఆపించండి. డీజిలు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.