ఓటడిగే వారిని నీళ్ళ సంగతి అడగండి



పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే ఊళ్ళో సందడే సందడి. మైకులు మోగుతాయి. గోడల మీద గుర్తులు వెలుస్తాయి. ఏనాడూ గడప తొక్కని వారు కూడా "అక్కా, బాగున్నావా?" అంటూ వస్తారు. చేతిలో ఒక కరపత్రం పెడతారు. ఆ కాగితాన్ని పొయ్యిలో వెయ్యకండి. కూడబలుక్కుంటూ అయినా సరే, చదవండి.

కరపత్రంలో ఇలా ఉందనుకోండి: "ఇంటింటికీ కుళాయి. వీధి వీధికీ లైటు. పింఛను పెంచుతాం. కరెంటు చార్జీలు తగ్గిస్తాం." వినడానికి బాగానే ఉంది. కానీ వీటిలో సర్పంచి చేయగలిగిన పనులేవి?

పింఛను ఎంత ఇవ్వాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కరెంటు చార్జీలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. అవి సర్పంచి చేతిలో లేవు. తన చేతిలో లేని పని చేస్తానన్న మనిషి మాట ఎంతవరకు నమ్మాలి?

మరి పంచాయతీ చూడాల్సినవి ఏమిటి? ఊరి మంచినీళ్ళు, మురుగు కాలవలు, చెత్త ఎత్తడం, వీధి లైట్లు, ఊళ్ళోని రోడ్లు, శ్మశానం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు అందులో ఉన్నాయి. తాగునీరు వాటిలో ఒకటి. ఆడవాళ్ళకు మూడోవంతు సీట్లు కూడా ఆ సవరణతోనే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తర్వాత అవి సగమయ్యాయి.

"చేద్దామంటే డబ్బుల్లేవమ్మా" అంటారు. పంచాయతీకి ఇంటి పన్ను వస్తుంది. కుళాయి పన్ను వస్తుంది. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం ఒక నియమం పెట్టింది. గ్రామాలకిచ్చే నిధుల్లో 100కి 60 రూపాయలు మంచినీళ్ళకూ, పారిశుద్ధ్యానికీ వాడాలన్నది ఆ నియమం. కాబట్టి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో అడిగే హక్కు మీకుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 2019లో జల జీవన్ మిషన్ పథకం వచ్చింది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. బిందెకు 15 లీటర్లనుకుంటే 18 బిందెలు. మీ ఇంటికి ఎన్ని బిందెలు వస్తున్నాయి? ట్యాంకు పక్క వీధికి ఎన్ని? ఊరి చివర కాలనీకి ఎన్ని?

ఓటడగడానికి వచ్చినవారిని ఈ నాలుగు మాటలు అడగండి:

1. నీళ్ళు ఏ వేళకు వదులుతారు? చివరి ఇంటిదాకా ఎలా అందిస్తారు?
2. మోటారు కాలిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేయిస్తారు?
3. ట్యాంకు ఎన్నాళ్ళకొకసారి కడిగిస్తారు? బ్లీచింగు ఎవరు కలుపుతారు?
4. జమాఖర్చులు గ్రామసభలో చదివి వినిపిస్తారా?

సూటిగా జవాబు చెప్పేవారెవరో, నవ్వి దాటేసేవారెవరో మీకే తెలిసిపోతుంది.

కొందరు జవాబు చెప్పరు. నోటు చేతిలో పెడతారు. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం. తీసుకోవడమూ నేరమే. పైగా అది గిట్టుబాటయ్యే బేరం కూడా కాదు. 500 రూపాయలు తీసుకున్నారనుకోండి. పదవి అయిదేళ్ళు. అంటే 1825 రోజులు. రోజుకు 30 పైసలు కూడా పడదు. ఆ 30 పైసలకి అయిదేళ్ళు బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడాలా?

"ఆడవాళ్ళు అడిగితే ఎవరు వింటారు?" అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ పోరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. ఒక్కరుగా కాదు, కలిసి అడిగారు. మీరూ పదిమంది కలిసి అడగండి.

సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. మీకు రెండు ఓట్లుంటాయి. ఒకటి సర్పంచికి, రెండోది వార్డు మెంబరుకు. రెండూ ఆలోచించి వెయ్యండి. మీ ఓటు ఎవరికన్నది మీ ఇష్టం. ఇంట్లోవారికి కూడా చెప్పనక్కర్లేదు.

ఓటేశాక కరపత్రం పారెయ్యకండి. గూట్లో దాచండి. గ్రామసభ దండోరా వినపడగానే దాన్ని పట్టుకుని వెళ్ళండి. అందులో రాసినవి ఒక్కొక్కటే పైకి చదవండి. ఏది అయిందో, ఏది కాలేదో సర్పంచి చేత చెప్పించండి.