కాలనీ ఇండ్లల్లో ఒంటరి అవ్వలకు మన సంఘాల తోడు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పులు, వసూళ్లు, పొదుపు లెక్కలు నివేదికలో ముందే చదివి వినిపించినారు. ఇప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది లెక్కల పుస్తకంలో కనపడని సంగతి. మన ఊళ్లల్లో ఒంటరిగా ఉండే అవ్వలు, వితంతువులు, కాళ్లు చేతులు సరిగా లేనివాళ్లు ఎట్లాంటి ఇండ్లల్లో ఉండారు, వాళ్లకు సంఘాలుగా మనం ఏం చేయగలం అనేది.

మన రాయలసీమలో ఇల్లంటే మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, పైన చౌడు మన్ను. వానాకాలానికి ముందు మిద్దె ఎక్కి చౌడు పోసి తొక్కితేనే నీళ్లు దిగకుండా ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఆ పని ఇంటివాళ్లే చేసుకుంటారు. డెబ్బై ఏండ్ల అవ్వ నిచ్చెన ఎక్కలేదు. కొడుకు బెంగుళూరులో కూలికి ఉంటాడు. చౌడు పడదు. మూడు దినాలు ముసురు పట్టిందంటే గోడ నాని కూలుతుంది. కరువు సీమలో వాన కోసం మొక్కుతాం, అదే వాన వచ్చిన రాత్రి ఆ అవ్వకు కునుకు ఉండదు.

వరదల మాట సరేసరి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగింది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు, మందపల్లి లాంటి ఊర్లు కొట్టుకుపోయినాయి. నీళ్లు వచ్చేటప్పుడు పరుగెత్తలేనిది ఎవరు? తెల్లవారుజామున ఎవరైనా తలుపు తట్టి లేపకపోతే తెలుసుకోలేనిది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ముందుగానే రాసి పెట్టుకున్న ఊరికి కొంత ధైర్యం ఉంటుంది.

ఇక ప్రభుత్వం ఇచ్చిన ఇండ్ల మాట. 2006 నుంచి ఇందిరమ్మ ఇండ్లు వచ్చినాయి. 2020 డిసెంబరు 25న పేదలందరికీ ఇండ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా ఆడవాళ్ల పేరు మీదనే ఇచ్చినారు, అది మంచిదే. ఇంటికి 1,80,000 రూపాయల సాయం, కట్టుకోవడానికి మూడు దారులు పెట్టినారు: సామాను తీసుకొని కట్టుకోవడం, డబ్బు తీసుకొని కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం. మేస్త్రీ వెంట, సిమెంటు వెంట తిరగలేని ముసలివాళ్లకు మూడోదే దిక్కు. సాయం చాలని వాళ్లకు పొదుపు సంఘాల ద్వారా పావలా వడ్డీకి 35,000 రూపాయల బ్యాంకు అప్పు కూడా ఏర్పాటు చేసినారు. సంఘం బయట ఉన్న అవ్వకు ఆ అప్పు ఎట్ల అందుతుంది? ఆమె ఇల్లు గోడల దగ్గర ఆగితే ఎవరిని అడుగుతుంది?

కట్టిన ఇంట్లోనూ కష్టాలు ఉండాయి. కాలనీ ఊరికి దూరం. బేస్‌మట్టం ఎత్తు, గడప ముందర మెట్టుకు పట్టుకునేదానికి ఏమీ ఉండదు. మరుగుదొడ్డి ఇంటి వెనకాల, రాత్రి దారి కనపడదు. స్నానాల గదిలో నున్నని బండ పరిస్తే తడికి జారుతుంది. తుంటి ఎముక విరిగిన అవ్వ మళ్లీ మునుపటి మాదిరి నడవడం కష్టం. పెద్ద రోగం రాకుండానే, ఒక్క జారుడుతో మనిషి మంచాన పడుతుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాళ్లు మనకు దగ్గరే. నునుపు పట్టని గరుకు బండలు రెండు ఏటవాలుగా పరిస్తే మెట్టు బదులు వాలుదారి అవుతుంది. వెల్డింగు అంగట్లో ఒక ఇనుప పైపు ముక్క వంచి గోడకు బిగిస్తే పట్టుకునేదానికి ఆసరా అవుతుంది. మరుగుదొడ్డి దారిలో ఒక బల్బు పెడితే సగం భయం పోతుంది. మిద్దెకు చౌడు పోయడం సంఘంలోని ఇండ్లవాళ్లు కలిస్తే ఒక పూట పని. గ్రామైక్య సంఘాల్లో బలహీన కుటుంబాల కోసం ఉన్న నిధి ఇట్లాంటి ఆపదలకే వచ్చింది. వెలుగు రోజుల్లో పిడికెడు బియ్యం పోగు చేసి లేనివాళ్ల కడుపు నింపిన అలవాటు మన సంఘాలకు కొత్తది కాదు.

కాగితాల సంగతీ చూడాల. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచాన పడినవాళ్లకు 15,000 పింఛను వస్తాంది. సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. అయినా వేలిముద్ర పడక, ఆధార్‌లో వయసు తప్పు పడి ఇబ్బంది పడేవాళ్లు ఉండారు. 2025 జూన్ నుంచి 65 ఏండ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు రేషన్ ఇంటికి ఇవ్వాలనే ఏర్పాటు ఉంది. అది అందుతాందా లేదా అని అడిగే మనిషి ఒకరు కావాల.

అన్నిటికంటే సున్నితమైనది పట్టా. ఇల్లు అవ్వ పేరు మీద ఉంటే, "నా పేరుకు రాసియ్యి, నేను చూసుకుంటా" అంటారు పిల్లలు. బిడ్డల మీద ప్రేమతో వేలిముద్ర వేస్తుంది. చూసుకునే పిల్లలు చాలామంది ఉండారు, కాదనం. చూసుకోని చోట ఆ అవ్వ తన ఇంట్లోనే పరాయిది అయిపోతుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఇందుకే ఉంది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చినాక చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేయమని అడగొచ్చు. అందుకే ఆ షరతును దస్తావేజులోనే రాయించమని ప్రతి అవ్వకూ ముందే చెప్పాల. అర్జీ ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు పెట్టుకోవాల. లాయరుతో పని లేదు. ఆమె పోలేని స్థితిలో ఉంటే, ఆమె అనుమతితో సంఘమే ఆమె తరఫున అర్జీ పెట్టొచ్చని చట్టంలోనే ఉంది. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా దొరుకుతుంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. ఇంగ్లండులో మునిసిపల్ కౌన్సిళ్లు ముసలివాళ్లకు ఇచ్చిన అద్దె ఇండ్ల సముదాయాల్లో, రోజూ తలుపు తట్టి మంచీ చెడూ కనుక్కునే వార్డెన్‌ను పెట్టేవాళ్లు. కేరళలో కుటుంబశ్రీ మహిళలు 2002 నుంచి 'ఆశ్రయ' పేరుతో, ఊర్లో అందరికంటే దిక్కులేని కుటుంబాలను తామే గుర్తించి, ఎవరికి ఏం కావాలో విడివిడిగా రాసుకొని పని చేసినారు. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపుతో మొదలుపెట్టి ఎంత దూరం పోయినారో మనకు తెలుసు. వాళ్లు చేసినట్ల మనమూ చేయగలం.

కాబట్టి సమాఖ్య తరఫున నాలుగు పనులు మీ ముందర పెడతాండాం.

ఒకటి: ప్రతి గ్రామైక్య సంఘం వానలకు ముందే తన ఊర్లో ఒంటరి వృద్ధుల, దివ్యాంగుల ఇండ్లు తిరిగి చూసి, కప్పు, గోడ, మెట్టు, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు ఎట్ల ఉండాయో రాయాల.

రెండు: ప్రతి అవ్వకు పక్కింటి సభ్యురాలు ఒకరు తోడుగా ఉండాల. వారానికి రెండుసార్లు తలుపు తట్టాల. వరద, ముసురు హెచ్చరిక వస్తే ముందు ఆ ఇంటికే పోవాల.

మూడు: పింఛను, రేషన్, ఆగిపోయిన ఇంటి బిల్లు, పట్టా తగాదాలను నెలవారీ సమావేశం అజెండాలో చేర్చి, ఎవరు ఏ ఆఫీసుకు పోవాలో తీర్మానం రాయాల.

నాలుగు: వయసు మీరిందని ఎవరినీ సంఘం నుంచి తీసేయొద్దు. పెద్ద అప్పు తీసుకోలేకపోవచ్చు, పొదుపు చేయొచ్చు, సమావేశానికి రావొచ్చు. వృద్ధులకు, దివ్యాంగులకు అయిదుగురితోనే ప్రత్యేక సంఘం కట్టుకునే వీలు కూడా ఉంది.

ఒక మాట మర్చిపోవద్దు. ఆ ఇంట్లో ఏం మార్చాలన్నా ముందు ఆ అవ్వను అడగాల. మంచం యాడ వేయాలో, ఎవరు లోపలికి రావాలో చెప్పే హక్కు ఆమెది. సాయం చేస్తాండాం కదా అని ఆమె మాట కాదని చేస్తే అది తోడు కాదు, పెత్తనం.

అక్కలారా, ఇప్పుడు మనలో చాలామంది నలభై, యాభై ఏండ్ల వాళ్లమే. ఈ రోజు ఏ ఇంటి తలుపు తడతామో, రేపు అట్లాంటి ఇంట్లో మనమే ఉంటాం. తీర్మానం పుస్తకం ఇప్పుడు మీ వరుసల్లోకి వస్తాంది. చదివించుకొని, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. సంతకం పెట్టినాక మాత్రం ఈ వారంలోనే మొదటి ఇంటికి పోదాం.