తాడు లేని ఆకాశగమనం
(కార్మిక సాంస్కృతిక దళాల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోనైనా, భిలాయి ఉక్కునగరంలోనైనా, షోలాపూర్ మగ్గాల పేటలోనైనా తెలుగువారు నాటకం కట్టారంటే నారదుడు పైనుంచి దిగిరావలసిందే, హనుమంతుడు సముద్రం దాటవలసిందే. ఆ ముచ్చటను మేము కాదనడం లేదు. దానిని తీర్చడానికి మనం పట్టుకొన్న తాడును గురించి మాత్రం కొంత చెప్పవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రిందట మా రిహార్సలులో నారద పాత్రధారిని వెదురు దూలం మీదుగా తాడుతో పైకి లాగాము. ముడి జారింది. ఆరడుగుల ఎత్తునుంచి పడి అతని మణికట్టు విరిగింది. రెండు నెలలు పనిలోకి పోలేదు. నాటకంలో తగిలిన దెబ్బ గనుక జీతమూ లేదు, పరిహారమూ లేదు. ఎత్తున పనిచేసేవారికి సేఫ్టీ బెల్టులు ఇవ్వాలని మెమొరాండం వ్రాసిన చేతులే ఆ తాడును లాగాయి. ఆ సిగ్గు మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు.

సురభివారు చేయడం లేదా అని మీరు అడగవచ్చు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో పుట్టిన ఆ నాటక కుటుంబాల 'మాయాబజార్' చూసినవారు గాలిలో తేలే పాత్రలను మరువలేరు. కాని అక్కడ తీగ పట్టేది తరతరాలుగా ఆ పని నేర్చిన చేయి. మనుషులను ఎగురవేసే నిపుణులు సాధారణంగా మోయవలసిన బరువుకు 10 రెట్ల బలం గల సరంజామా వాడతారు. 60 కిలోల మనిషికి 600 కిలోలన్నమాట. వదులైన తాడు ఒక్కసారిగా బిగిస్తే పడే కుదుపు మనిషి బరువుకు ఎన్నో రెట్లు ఉండగలదు. మన షామియానా గుంజలు ఆ లెక్కకు నిలుస్తాయా?

ఈ విషయంలో కాళిదాసు మనకు మంచి గురువు. శాకుంతలం ఏడవ అంకంలో దుష్యంతుడు ఇంద్రుని రథంపై స్వర్గంనుంచి దిగివస్తాడు. చక్రాలకు మబ్బుల తడి అంటడం, దిగువన కొండలూ చెట్లూ నదులూ క్రమంగా తెలియవస్తూ ఉండడం, సర్వమూ రాజూ మాతలీ ఆడుకొనే మాటలలోనే ఉన్నది. రథం దిగినప్పుడు చప్పుడే కాలేదని రాజు ఆశ్చర్యపడతాడు. చప్పుడు చేయడానికి రంగస్థలం మీద చక్రాలు ఉంటే గదా!

కనుక ఎగిరేవానికంటె చూసేవారికి ఎక్కువ రిహార్సలు ఇవ్వండి. నేలమీది ఐదుగురు ఒకే వేగంతో తలలెత్తి, ఒకే బిందువును కళ్లతో వెంబడిస్తే ప్రేక్షకుడూ తల ఎత్తుతాడు. ఒక్కడు వేరే దిక్కు చూశాడా, ఆకాశం కూలిపోతుంది.

నీడ పద్ధతి మాకు మిక్కిలి ఇష్టమైనది. రెండు తెల్లపంచెలు కలిపి కుట్టి బిగువుగా కట్టండి. వెనుక నేలమీద ఒకే ఒక దీపం ఉంచండి. ట్యూబులైటు పనికిరాదు, నీడ మసకబారుతుంది. ఒంటి ఎల్‌ఈడీ టార్చి మేలు. నటుడు తెర దగ్గరనుంచి దీపం వైపుగా వెనుకకు నడుస్తుంటే నీడ పెరుగుతుంది. దీపాన్ని దాటి అవతల అడుగు పెట్టగానే ఆ నీడ తెర పైఅంచు దాటి మాయమవుతుంది. చూసేవారికి మనిషి నింగికెగసినట్లే. దీపం వెనుకనుంచి ఇవతలికి దాటితే పైనుంచి దిగివచ్చినట్లు. తోలుబొమ్మలాట పుట్టిల్లయిన మనకు నీడను నమ్మడం ఎవరూ నేర్పనక్కరలేదు. నూనెదీపం మాత్రం గుడ్డ దరిదాపులకు రానీయకండి.

హనుమంతుని సముద్రలంఘనానికి కర్రకు కట్టిన చిన్నబొమ్మ చాలు. జపాను బున్‌రాకు ఆటలో నల్లదుస్తులవారు అందరి ఎదుటనే బొమ్మను ఆడిస్తారు. ప్రేక్షకులు బొమ్మనే చూస్తారు. క్రింద నీలిగుడ్డను ఇద్దరు అలలుగా కదిలిస్తే సముద్రమూ సిద్ధం.

దీపం ఎంత చేయగలదో సింగరేణినుంచి వచ్చిన సోదరులకు ప్రత్యేకంగా చెప్పాలి. 1959లో కలకత్తా మినర్వా థియేటరులో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకం ఆడినప్పుడు, బొగ్గుగనిలోకి నీరు ముంచుకువచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ వెలుగునీడలతోనే కల్పించారు.

మణికట్టు విరిగిన మా మిత్రుడే పోయిన వార్షికోత్సవంలో మళ్లీ నారదుడు. ఈసారి దీపం దాటి దిగివచ్చాడు. నాటకం కాగానే ముందువరుస పిల్లలు కొందరు తెర వెనుకకు వచ్చి తాడు ఎక్కడని వెతికారు.

పంచెలు, టార్చీలు తెచ్చాము. మధ్యాహ్నం తరగతిలో దీపం దాటడం అందరూ చేసి చూడాలి.