బోరు నీళ్లు, పాత ఇంజన్లు

(సంఘం గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మద్దతు ధర మీద, కరెంటు మీద మాట్లాడుకున్నాం. నాకు ఇచ్చిన విషయం పాత బండ్లలో కూలెంట్. ఇది రైతు సంఘం మాట్లాడే సంగతేనా అని కొందరికి అనిపించవచ్చు. మీ ఊళ్లో షోరూం నుంచి దిగిన ట్రాక్టర్లు ఎన్ని, చేతులు మారి వచ్చినవి ఎన్ని, లెక్క వేసుకోండి. పాత ట్రాక్టరు, పాత జీపు, కూరగాయలు మార్కెట్‌కు తీసుకుపోయే పాత ట్రాలీ ఆటో, వీటి మీదనే మన సేద్యం నడుస్తున్నది. ఇంజన్ పట్టేస్తే విప్పి పిస్టన్లు, లైనర్లు మార్చే ఖర్చుకు పంట మీద మిగిలింది పోతుంది. పైగా బండి ఖాళీ దినాల్లో ఆగదు, కోతల్లోనే ఆగుతుంది. అప్పుడు కిరాయి బండి తేవాలి, దానికి మళ్లీ వడ్డీకి తేవాలి.

మన నీళ్ల సంగతి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషులను చూస్తూ పెరిగిన తరం మనది. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు వచ్చింది. ఆఫ్రికాలో టాంజానియా దాకా ఆ పేరు పోయింది. 2016లో మిషన్ భగీరథ మొదలైన తర్వాత తాగడానికి కృష్ణా నీళ్లు వచ్చాయి. మనం బోరు నీళ్లు తాగడం తగ్గించాం, కానీ మన ఇంజన్లకు మాత్రం ఇంకా బోరు నీళ్లే పోస్తున్నాం.

ఒక్కటి సరిగ్గా తెలుసుకోవాలి. రేడియేటర్‌ను పాడు చేసేది ఫ్లోరైడ్ కాదు. అది ఎముకలకు చేటు. ఇంజన్‌కు చేటు చేసేది నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మన దిక్కు చాలా బోర్లలో రెండూ ఉంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు పడుతుంది కదా, అదే పెచ్చు ఇంజన్ లోపల, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పడుతుంది. పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. అందుకే నీళ్లు నిండుగా ఉన్నా బండి కాగుతుంది. ఉత్త నీళ్లతో లోపల తుప్పు కూడా పడుతుంది. డీజిల్ ఇంజన్‌లో లైనర్లకు బయటి నుంచి సన్నటి గుంతలు పడి, చివరికి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి.

"కూలెంట్ మంచు దేశాల వాళ్లకు, మనకెందుకన్నా" అని అడుగుతారు. మంచు దేశాల్లో అది గడ్డకట్టకుండా కాపాడుతుంది, నిజమే. మనకు కావాల్సింది దాని మిగతా రెండు గుణాలు. తుప్పు పట్టనివ్వదు, తొందరగా మరగదు. ఉత్త నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి, మూత గట్టిగా ఉంటే 120 డిగ్రీలు దాటినా మరగదు. కలిపే నీళ్లు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. కొన్ని డబ్బాలు ముందే కలిపి వస్తాయి, వాటిలో మళ్లీ నీళ్లు కలపొద్దు. డబ్బా మీద చదవండి, చదవరాకపోతే పిల్లలతో చదివించండి. గాలితో చల్లబడే పాత ఐషర్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు.

చూసేది పొద్దున, స్టార్ట్ చేయకముందు. పక్కన ప్లాస్టిక్ సీసా ఉంటే దాని మీద రెండు గీతలు ఉంటాయి, మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలి. కానీ పాత బండికి సీసా ఒక్కటి చూస్తే చాలదు. ఇంజన్ వేడెక్కితే లోపలి కూలెంట్ పొంగి సీసాలోకి వస్తుంది, చల్లారాక మళ్లీ లోపలికి గుంజుకుంటుంది. ఆ పని చేసేది రేడియేటర్ మూత. మూత రబ్బరు చెడిపోతే గుంజుకోదు. సీసా నిండుగా కనబడుతుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. అందుకని వారానికి ఒకసారి చల్లటి బండి మూత తీసి లోపల చూడాలి. రబ్బరు పగిలితే మూత మార్చాలి. అది ఇంజన్ పని ముందు ఎంత ఖర్చు?

"రోజూ ఒక చెంబు పోస్తున్న, ఏం గాదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మరి ఆ చెంబు నీళ్లు రోజూ ఎక్కడికి పోతున్నాయి? పైపులు, క్లిప్పులు, వాటర్ పంపు కింద తడి ఉందా చూడండి. బయట ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతుంటే ఆయిల్ పుల్ల గుంజి చూడండి. ఆయిల్ పాల చాయ రంగులో ఉంటే గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇక బండి నడపొద్దు. థర్మోస్టాట్ పీకేసి "ఇప్పుడు కాగదు" అని పంపే మెకానిక్‌లు ఉన్నారు. అది జబ్బును దాచిపెట్టడమే.

యాసంగి వడ్లతో మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరి నిలబడటం మనకు తెలిసిందే. ఎండ మండుతుంటే, గాలి తగలకుండా, ఇంజన్ నడుస్తూ అడుగడుగు జరుగుతుంటే ఏ పాత బండైనా కాగుతుంది. పాలమూరు వాళ్లకు మన్ననూరు ఘాట్ ఎక్కేటప్పుడు ఇదే గతి. లైను కదలకపోతే ఇంజన్ ఆపండి. రేడియేటర్ జాలీలో పొట్టు, పత్తి నూగు పేరుకుంటే ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగండి. కాగిన బండి మూత మాత్రం తీయొద్దు. మరిగే నీళ్లు మొఖం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగండి. కాగిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది.

అక్కలు ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పాలి. కూలెంట్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, మేకలు, దూడలు నాకుతాయి. కొంచెం తాగినా మూత్రపిండాలు చెడతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టొద్దు, పిల్లలు తాగుతారు. పాత కూలెంట్ కుడితి తొట్టి దగ్గర, బావి దగ్గర పారబోయొద్దు. డబ్బాలో పట్టి వర్క్‌షాపులో ఇవ్వండి.

సంఘం పరంగా రెండు అడగాలి. మన సహకార సంఘంలో ఎరువుల పక్కన డిస్టిల్డ్ వాటర్, మంచి కూలెంట్ పెట్టాలి, బిల్లు ఇవ్వాలి. రంగు నీళ్లు డబ్బాల్లో పోసి అమ్మే దుకాణాల బాధ తప్పుతుంది. రెండోది, మిల్లుల ముందు బండ్లు ఎండలో గంటల తరబడి నిలబడకుండా కొనుగోళ్లు జరగాలి. దీన్ని ఈ సీజన్ వినతిపత్రంలో రాద్దాం.

మీరు వేసుకొచ్చిన బండ్లు బయట ఈపాటికి చల్లారి ఉంటాయి. భోజనానికి లేచే ముందు నాలుగైదు మూతలు తీసి చూద్దాం, పదండి.