ఉన్నత పాఠశాలల్లో విద్యా ప్రమాణాలు, విద్యార్థులకు ఆసరా
(దక్షిణాఫ్రికా తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)

 

ఆటపాటలతో కళకళలాడుతున్న ఈ పండుగ సభలో బడిచదువుల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. అయితే ఈ గడ్డమీద మనం నిలదొక్కుకున్నది చదువు వల్లనే. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీలు వస్తూనే ఉన్నారు. చెరకు తోటల్లో వెన్ను వంచిన ఆ తరంవారిలో చాలామందికి వేలిముద్రే సంతకం. అయినా వారూ, వారి బిడ్డలూ తమ కొద్దిపాటి కూలి డబ్బుల్లో కొంత మిగిల్చి బడులకు చందాలిచ్చారు. కట్టడం ఖర్చులో తమ వంతు తాము సమకూర్చుకుంటే తప్ప సర్కారు గ్రాంటు రాని రోజులవి. నేటాలులో భారతీయుల పిల్లలు చదివిన పాఠశాలల్లో అధికభాగం అలా లేచినవే. డర్బనులో 1929లో వెలిసిన శాస్త్రి కాలేజీ కూడా భారతీయుల చందాలతో కట్టినదే. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడిననాడు మన పెద్దలు భాషనూ చదువునూ వేరువేరుగా చూడలేదు.

నాటి సమస్య బడి లేకపోవడం. నేడు బడి ఉన్నది, చట్టం ఉన్నది, పాఠ్యప్రణాళిక ఉన్నది. మరి నేటి సమస్య ఏమిటి? పిల్లవాడికి పెట్టిన ప్రమాణం ఏమిటో ఇంట్లోవారికి తెలియకపోవడం, ఆ ప్రమాణాన్ని అందుకోవడానికి వాడికి దొరకవలసిన ఆసరాను మనం అడగకపోవడం. ఈ రెండు సంగతులే ఈనాడు మనవి చేయదలచాం.

మొదట ప్రమాణం సంగతి. మనం మెట్రిక్ అని పిలుచుకునే నేషనల్ సీనియర్ సర్టిఫికెట్ పరీక్ష 2008లో మొదటిసారి జరిగింది. 'నూటికి ముప్ఫై వస్తే పాసు' అని చాలా ఇళ్లలో అనుకుంటారు. అది సగం నిజం మాత్రమే. ఇంటిభాషగా తీసుకున్న సబ్జెక్టులో 40, మరో రెండింటిలో 40, ఇంకో మూడింటిలో 30 శాతం రావాలి. మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ లెక్కలో ఇంటిభాష ఇంగ్లీషే. ఇది సర్టిఫికెట్ చేతికి వచ్చే కనీసపు గీత. విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుకు అర్హత కావాలంటే లైఫ్ ఓరియెంటేషన్ కాక నాలుగు సబ్జెక్టుల్లో 50 శాతం చొప్పున రావాలి. ఆపైన ఒక్కొక్క విద్యాశాఖ పెట్టుకునే నియమాలు వేరే ఉంటాయి.

ఈ రెండు గీతల మధ్య దూరం ఎంతో 2024 ఫలితాలే చెబుతాయి. దేశం మొత్తంమీద పరీక్ష రాసినవారిలో 87.3 శాతం ఉత్తీర్ణులయ్యారు. డిగ్రీ చదువుకు అర్హత పొందినవారు 47.8 శాతం మాత్రమే. పాసయ్యాడని మిఠాయిలు పంచిన తరువాత దరఖాస్తు ఫారం చేతికి వచ్చినప్పుడు గాని కొందరికి ఈ తేడా తెలియదు. పైగా పన్నెండో గ్రేడు దాకా రాకముందే బడి మానేసినవారు ఆ 87 లోనూ లేరు, మిగిలిన 13 లోనూ లేరు. వారు ఏ లెక్కలోనూ కనిపించరు.

మెట్రిక్ భవితవ్యం మెట్రిక్ సంవత్సరంలో తేలదు. అది తొమ్మిదో గ్రేడు చివరనే చాలావరకు తేలిపోతుంది. పదో గ్రేడులో అడుగుపెట్టే విద్యార్థి సాధారణంగా గణితమో, మేథమేటికల్ లిటరసీయో ఒకటి ఎంచుకోవాలి. రెండోది పనికిమాలిన చదువేమీ కాదు. జీతం లెక్క, అప్పుమీద వడ్డీ, ఇంటి ఖర్చు, పటం చూసి దూరం కట్టడం – బతుకులో అక్కరకు వచ్చే లెక్కలన్నీ అందులో ఉన్నాయి. కాని వైద్యం, ఇంజనీరింగు వంటి చదువులకు గణితమే అడుగుతారు. గణితం నుంచి లిటరసీకి మారడం సులభం, తిరిగి రావడం బహు కష్టం. పదిహేనేళ్ల వయసులో మూసుకున్న ఆ తలుపు ఇరవై ఏళ్లకు తట్టినా తెరుచుకోదు.

బడికి మంచి ఉత్తీర్ణతా శాతం కావాలి. కాబట్టి బలహీనంగా ఉన్న పిల్లవాణ్ణి సులువైన దారికి మళ్లించాలన్న ఆలోచన అక్కడక్కడ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అట్టి సలహా వచ్చినప్పుడు వెంటనే సంతకం చేయవద్దు. 'మా వాడికి ఏ అధ్యాయంలో తడబాటు ఉన్నది? దాన్ని సరిదిద్దడానికి ఇంతవరకు ఏమి చేశారు?' అని మర్యాదగా అడగండి. జవాబు విన్న తరువాతనే నిర్ణయం తీసుకోండి. పిల్లవాడి ఇష్టం, శక్తి చూసి లిటరసీయే మేలనిపిస్తే తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక తోసివేయబడడం వేరు.

రెండవది ఆసరా సంగతి. బడిచదువులోని ఒక్కొక్క దశలో పిల్లవాణ్ణి ఒక్కసారికి మించి అదే తరగతిలో ఆపరాదని నియమం ఉన్నది. ఇది దయతో పెట్టిన నియమమే. ఏళ్ల తరబడి చిన్నపిల్లల మధ్య కూర్చున్నవాడు సిగ్గుతో బడి మానేస్తాడు. కాని పై తరగతికి పంపినంతమాత్రాన కింది తరగతి పాఠం వచ్చినట్టు కాదు. విద్యాశాఖవారి భాషలో అర్హత సాధించి వెళ్లడం 'ప్రమోషన్', సాధించకపోయినా ముందుకు పంపడం 'ప్రోగ్రెషన్'. మాట ఇంచుమించు ఒకటే గనుక తల్లిదండ్రులు గమనించరు. రెండోమాట కనిపిస్తే అది అభినందన కాదు, హెచ్చరిక అని గ్రహించాలి.

అట్టి పిల్లలను ఆదుకునే ఏర్పాటు కాగితం మీద చక్కగానే ఉన్నది. విద్యార్థి ఇబ్బందిని గుర్తించి, పరిశీలించి, తోడ్పాటు ఇవ్వడానికి 2014లో జాతీయ విధానం వచ్చింది. ముందు తరగతి ఉపాధ్యాయుడు, తరువాత పాఠశాల సహాయక బృందం, అవసరమైతే జిల్లా బృందం పూనుకోవాలి. ఈ పనిలో తల్లిదండ్రులకు చోటున్నది. చదవడంలో, రాయడంలో, చూపులో నిజమైన ఇబ్బంది ఉన్నవారికి పరీక్షలో అదనపు సమయం, ప్రశ్న చదివిపెట్టే మనిషి, చెప్పింది రాసిపెట్టే మనిషి దొరకవచ్చు. ఇది దానం కాదు, హక్కు. కాని దరఖాస్తు ముందుగానే పెట్టాలి. పరీక్ష వారంలో పరుగెత్తితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

తప్పినవారు కూడా కుంగిపోనక్కరలేదు. మెట్రిక్ మళ్లీ రాయదలచినవారికోసం 2016లో 'సెకండ్ చాన్స్' పథకం మొదలైంది. మే–జూన్ నెలల్లో తిరిగి రాసే వీలున్నది. పిల్లవాడు తప్పితే బంధువుల ముందు తలవంచుకోకుండా, ఆ ఫారం తెచ్చి పక్కన కూర్చుని నింపించండి.

ఇక మన సంఘాలు చేయగలిగిన పని ఏమిటి? మనకు ఊరూరా హాళ్లున్నాయి. భజనలకూ, పెళ్లిళ్లకూ తెరిచే ఆ తలుపులు వారంలో రెండు సాయంత్రాలు ఎనిమిది, తొమ్మిది గ్రేడుల పిల్లలకోసం తెరవవచ్చు. మనలో విశ్రాంత ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వారి దగ్గర ఎవరి కులమూ భాషా అడగకుండా ఇరుగుపొరుగు పిల్లలందరినీ కూర్చోబెట్టుదాం. నాటి బడులు మనవాళ్ల ఒక్కరి చందాలతోనే లేచినవి కావు గదా! పాఠశాల పాలకమండలి ఎన్నికల్లో మన తల్లులు, తండ్రులు నిలబడాలి. మండలిలో కూర్చున్నవారికి వినిపించే మాట గేటు దగ్గర నిలబడ్డవారికి వినిపించదు.

మన తెలుగు తరగతులకూ ఇదే కొలత వర్తిస్తుంది. 2014లో తెలుగుతో సహా ఐదు భారతీయ భాషలకు ప్రభుత్వ పాఠ్యప్రణాళికలో రెండవ అదనపు భాషగా చోటు దొరికింది. అందరికీ బహుమతులు పంచడంతో సరిపెట్టక, ఏడాది చివర ప్రతి బిడ్డా చూడకుండా ఒక ఉత్తరం తెలుగులో రాయగలగాలని గీత గీద్దాం. తడబడే బిడ్డ పక్కన ఒక పెద్దవారు కూర్చోవాలని కూడా నియమం పెట్టుకుందాం.

ఆసరా లేని ప్రమాణం బిడ్డను బయటికి నెడుతుంది. ప్రమాణం లేని ఆసరా బిడ్డను మభ్యపెడుతుంది. మన ముత్తాతలు ఇటుకలకు చందా ఇచ్చారు. మన చందా మన సాయంత్రాలు. వచ్చే ఉత్సవం నాటికి ఒక్క హాలులోనైనా దీపం వెలిగి, పలకా పుస్తకం పట్టుకున్న పిల్లలు కనబడాలని కోరుతున్నాం.