వైద్యశాలలందలి కిరణయంత్రములు – మన బాధ్యత

(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)

 

 విద్యానిధినిగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు పెద్దలు ప్రసంగించిన పిదప, వైద్యశాలలలోని ఎక్స్‌రే యంత్రములనుగూర్చి మాటలాడుట కొందఱికి వింతగా దోపవచ్చును. అయినను ఇది మన యింటి విషయమే. మనలోని భాగ్యవంతులు తల్లిదండ్రుల పేర వైద్యశాలలకు యంత్రములను దానమిచ్చుచున్నారు. మన బాలురును, బాలికలును రేడియోగ్రఫీ చదివి ఆ యంత్రములయొద్దనే జీవనము గడపుచున్నారు. మనమో, మన పిల్లలో ఎప్పుడో యొకప్పుడు ఆ యంత్రము ముందు నిలువవలసినవారమే. దాతయు, పనివాడును, రోగియు మనలోనే యుండగా, ఈ మాట మన సభలో గాక మఱెచ్చట చెప్పుదుము?

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీని జర్మనీదేశమందలి వుర్ట్సుబర్గు నగరమున రాంట్గెను పండితుడు ఈ కిరణములను కనుగొనెను. శరీరమును కోయకయే లోని యెముకను చూడగల సాధనము లభించెనని లోకము సంతోషించెను. ఆ సంతోషమునకు మూల్యము చెల్లించినవారు తొలినాటి పనివారు. అమెరికాలో ఎడిసనుగారి ప్రయోగశాలయందు క్లారెన్సు డాలీ యను సహాయకుడు తన చేతులనే కిరణములకడ్డుపెట్టి యంత్రమును పరీక్షించుచుండెను. చేతులు పుండ్లుపడినవి, వానిని ఖండింపవలసివచ్చినది, 1904లో అతడు మరణించెను. రేడియమును కనుగొన్న మేరీ క్యూరీ 1934లో, మూలుగయందు రక్తము పుట్టుట క్షీణించు వ్యాధిచే దివంగతురాలయ్యెను. ఇట్టివారి స్మరణార్థము 1936లో హాంబర్గు నగరమునందలి సెయింట్ జార్జి వైద్యశాలయావరణమున పేర్లు చెక్కిన శిల నిలుపబడినది.

వీరు తెలివిలేనివారు కారు. నిప్పు తగిలినచో చేయి తనంతట వెనుకకు వచ్చును. ఈ కిరణమో కంటికి గానరాదు. సోకినప్పుడు నొప్పిలేదు, మంటలేదు. మోతాదు మిక్కిలి హెచ్చైనచో కొన్ని దినములకో, వారములకో చర్మము కాలినట్లగును. స్వల్పమైనచో పైకేమియు దెలియదు. కాని దేహకణములలో కలిగిన చెఱుపు కొందఱియందు ఏండ్ల తరువాత క్యాన్సరుగా పరిణమింపవచ్చును. కావున ఇచ్చట ఇంద్రియములను నమ్మరాదు, కొలతను నమ్మవలెను.

ఆ కొలతకు మిల్లీసీవర్టు అని పేరు. నేలనుండియు, ఆకాశమునుండియు, గాలినుండియు ప్రకృతిసిద్ధముగా లోకమున మానవునికి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు సోకుచున్నవి. ఱొమ్మునకు తీయు ఒక్క ఎక్స్‌రే పటమున కలుగునది 0.1కి మించదు. ఉదరమునకు తీయు సి.టి. పరీక్షయందో సుమారు 8 మొదలు 10 వఱకు నుండును. అనగా ప్రకృతి మూడు నాలుగేండ్లలో నిచ్చునది నిమిషములలో సోకును. కావున పటమును జూచి బెదరుటయు తప్పే. తలనొప్పి వచ్చినప్పుడెల్ల సి.టి. తీయింపుడని వైద్యుని నిర్బంధించుటయు తప్పే. వ్యాధి నిర్ణయమునకు అవసరమైన పరీక్షను మానుకొనుట కిరణముకంటె హెచ్చు ప్రమాదము. గర్భవతియైన స్త్రీ ఆ సంగతి ముందుగా చెప్పవలెను. పసివారి దేహము కిరణమునకు సులభముగా లొంగును గనుక వారికి తగ్గించిన మోతాదే వాడవలెను. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఇట్టి కిరణములే లేవు.

రోగికి ఒకనాటి మాట; పనివానికి నిత్యజీవితము. అతనికి రక్షణలు మూడు: కాలము, దూరము, అడ్డు. కిరణముకడ నిలుచు కాలము తగ్గవలెను. ఒక మీటరు దూరమునుండి రెండు మీటర్లకు జరిగినచో సోకునది నాలుగవవంతగును. మూడింటికి జరిగినచో తొమ్మిదవవంతే. అడ్డుగా మందపు గోడయు, సీసపు కవచమును ఉండవలెను. ఇవిగాక, ఎంత సోకినదో కొలుచు చిన్న బిల్లను ఱొమ్మున ధరింపవలెను. మనదేశమున 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలివారి నిబంధన ప్రకారము, పనివానికి అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులును, ఏ యొక్క యేటను 30ని మించరాదు.

కొంతకాలముక్రిందట ఒక పట్టణమున నొక చిన్న వైద్యశాలను చూడబోతిమి. యంత్రమును దానమిచ్చిన పుణ్యాత్ముని పేరు చలువరాతిపై చెక్కబడియుండెను. దానికడ పనిచేయువాడు మన కులమువాడే, ఇరువదియేండ్ల యువకుడు. సీసపు కవచము మడిచి మూలబెట్టుటచే మడతలవెంట చిట్లియుండెను. అతని బిల్ల గోడమేకునకు వ్రేలాడుచుండెను. “దీనిని ధరింపవేమి, నాయనా?” యని యడిగితిమి. “పోయినచో జీతములో కోసికొందురండీ, అందుకని జాగ్రత్తగా అక్కడ పెట్టితిని” అనెను. మూడు నెలలకొకసారి ఆ బిల్ల పరీక్షకు పోవుచున్నది. గోడకెంత కిరణము సోకినదో తెలిసివచ్చుచున్నది. ఆ పిల్లవానికెంత సోకినదో యెవ్వరికిని తెలియదు. ఆనాడు మాకు ఆ చలువరాతివైపు చూచుటకు మనసొప్పలేదు.

మఱియొక సంగతి. ఎక్స్‌రే యంత్రమునకు విద్యుత్తును ఆపినచో కిరణమాగును. క్యాన్సరు చికిత్సకు వాడు కోబాల్టు, సీసియము వంటి పదార్థములు అట్టివి గావు. అవి రాత్రింబవళ్లు వెలార్చుచునే యుండును. బ్రెజిలుదేశమందలి గొయానియా నగరమున ఒక చికిత్సాలయమువారు 1985లో తావు మాఱుచు సీసియము యంత్రమును పాడుపడిన భవనములో వదలిపోయిరి. 1987లో ఇద్దఱు దానిని విప్పి పాత యినుముగా అమ్మిరి. చీకటిలో నీలముగా మెఱయు ఆ పొడిని జూచి ముచ్చటపడి బంధుమిత్రులు పంచుకొనిరి. ఆఱేండ్ల బాలికతో గూడ నలుగురు మరణించిరి. 249 మందికి ఆ పదార్థము అంటినది. మన ఢిల్లీలో మాయాపురియందు 2010లో జరిగినదియు ఇట్టిదే. అది వైద్యశాలది గాక విశ్వవిద్యాలయముది. పాతసామానుగా విక్రయింపబడిన కోబాల్టు యంత్రమువలన ఒకడు ప్రాణము గోల్పోయెను. యంత్రమును తెచ్చుననాటి ఉత్సాహము దానిని సాగనంపునాడును ఉండవలెనని దీని నీతి.

కావున మా విన్నపములు మూడు. మన దాతలు యంత్రమునిచ్చునపుడు గోడకును, కవచములకును, బిల్లలకును, ఏటేటి పరీక్షకును తగిన ద్రవ్యమును గూడ అందులోనే చేర్చి యిత్తురు గాక. అనుమతిపత్రములేని గదికి దానమీయకుందురు గాక. మన సంఘము, ఈ వృత్తిలోనున్న మన యువకుల పట్టికను వ్రాసి, బిల్లయు కవచమును లేనివారి పక్షమున యాజమాన్యములతో మాటలాడును గాక. తల్లిదండ్రులు తమ బిడ్డను ఉద్యోగమునకు పంపునపుడు “జీతమెంత?” యని యడిగినట్లే “నీ బిల్ల యేది?” యనియు అడుగుదురు గాక.

బావి త్రవ్వించినవాడు దానికి వరకట్టించుట మన పెద్దల యాచారము. వరలేని బావి పుణ్యమును తేదు.